మౌసా, షార్ట్‌కటా, కమాండ్ లైనా: ఏ పనికి ఏది వాడాలి?

కంప్యూటర్ బాగా వచ్చినవాళ్ళు మౌస్ ముట్టుకోరని ఒక నమ్మకం ఉంది. ఆ నమ్మకంతోనే చాలామంది వంద షార్ట్‌కట్‌ల జాబితా ఒకటి డౌన్‌లోడ్ చేసి, నాలుగు రోజులు కుస్తీ పట్టి, చివరికి కాపీ, పేస్ట్ దగ్గరే ఆగిపోతారు. ఇంకొందరు కమాండ్‌లు టైప్ చేసే టెర్మినల్ నల్లటి విండో చూడగానే ఇది మన వల్ల కాదులే అని మూసేస్తారు. ఈ మూడింట్లో ఏదో ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడాలని అనుకోవడం వల్ల వచ్చే టెన్షన్ ఇది. ఎంపిక మారాల్సింది పనిని బట్టి. ఒకే మనిషికి ఒకే గంటలో మూడూ అవసరం పడొచ్చు.

## ముందు చూసుకోవాల్సినవి

రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలావరకు తేలిపోతుంది. ఈ పని ఎంత తరచుగా చేస్తున్నారు? చేసినప్పుడు ఎన్ని ఫైళ్ళ మీద, లేదా ఎన్ని వరసల మీద చేస్తున్నారు?

| | ఒకటి రెండింటి మీద | వందల వాటి మీద |
|---|---|---|
| రోజూ చేసే పని | కీబోర్డ్ షార్ట్‌కట్ | స్క్రిప్ట్ లేదా ఆటోమేషన్ |
| ఎప్పుడో ఒకసారి చేసే పని | మౌస్ | కమాండ్ లైన్ |

ఈ పట్టికతో తేలనివి మిగతా మూడు విషయాలతో తేలతాయి. తప్పు జరిగితే వెనక్కి తెచ్చుకోగలమా? నెల రోజులు వాడకపోతే గుర్తుంటుందా? వేరే కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు ఇదే అలవాటు పనికొస్తుందా? మొదటి ప్రశ్నని జనం దాదాపు పట్టించుకోరు, పట్టించుకోవాల్సింది మాత్రం దాన్నే.

వేగం సంగతి కూడా ఒకసారి లెక్క వేద్దాం, ఎందుకంటే ఈ చర్చ అంతా వేగం పేరుతోనే నడుస్తుంది. 1980లో స్టువర్ట్ కార్డ్, థామస్ మొరాన్, అలన్ న్యూవెల్ అనే పరిశోధకులు ఇలాంటి పనులకు పట్టే సమయాన్ని అంచనా వేసే ఒక పద్ధతి ప్రచురించారు. దాని ప్రకారం ఒక కీ నొక్కడానికి ఓ మోస్తరు టైపింగ్ వచ్చినవాళ్ళకి సుమారు 0.2 సెకన్లు, మౌస్‌తో ఒక చోటికి గురి పెట్టడానికి 1.1 సెకన్లు, చెయ్యి కీబోర్డ్ నుంచి మౌస్‌కి మారడానికి 0.4 సెకన్లు, తర్వాత ఏం చేయాలో మనసులో సిద్ధం కావడానికి 1.35 సెకన్లు. అంటే టైప్ చేస్తూ చేస్తూ మౌస్ పట్టుకుని, మెనూ తెరిచి, అందులో ఒకటి నొక్కి, మళ్ళీ కీబోర్డ్ మీదికి రావడానికి మూడున్నర సెకన్ల దాకా పడుతుంది. అదే రెండు కీలు అయితే అర సెకను. తేడా 3 సెకన్లు. రోజుకి 100 సార్లు చేసే పనైతే 5 నిమిషాలు మిగులుతాయి, నెలకి రెండుసార్లు చేసే పనైతే ఏమీ మిగలదు.

పై అంకెల్లో అన్నిటికన్నా పెద్దది ఆలోచనకి పట్టే సమయమే, అది కూడా ఏం చేయాలో బాగా తెలిసినవాళ్ళకి. "అది కంట్రోల్ షిఫ్టా, కంట్రోల్ ఆల్టా" అని ఆగి తలగోక్కునే షార్ట్‌కట్‌కి ఇంతకు నాలుగైదు రెట్లు పట్టొచ్చు. సగం గుర్తున్న షార్ట్‌కట్ కన్నా మౌసే వేగం. వేళ్ళకి వచ్చేసిందే షార్ట్‌కట్, కాగితం మీద ఉన్నది కాదు.

## మౌస్

దీన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. కొత్త సాఫ్ట్‌వేర్ తెరిచినప్పుడు అందులో ఏమేం చేయొచ్చో మెనూలే చెబుతాయి, ఏ కమాండ్ లైనూ ఆ పని చేయదు. ఫొటో దిద్దడం, స్లైడ్‌లో బొమ్మ అటూ ఇటూ జరపడం, ఆరు నెలలకోసారి ప్రింటర్ సెట్టింగ్ మార్చడం, ఇవన్నీ మౌస్ పనులే.

చాలామంది మౌస్‌ని కూడా సగమే వాడతారు. రెండుసార్లు క్లిక్ చేస్తే మాట, మూడుసార్లు చేస్తే చాలా చోట్ల పేరా మొత్తం సెలెక్ట్ అవుతుంది. మొదట్లో ఒక క్లిక్, చివర్లో షిఫ్ట్ పట్టుకుని ఇంకో క్లిక్ చేస్తే మధ్యదంతా వస్తుంది, పది పేజీల మీదుగా లాగక్కర్లేదు. లింక్ మీద చక్రం నొక్కితే కొత్త ట్యాబ్‌లో తెరుచుకుంటుంది. పైగా కుడిచెయ్యి మౌస్ మీద ఉండగానే ఎడమచెయ్యి ఖాళీగా ఉంటుంది కదా. జెడ్, ఎక్స్, సీ, వీ అనే నాలుగు కీలూ ఎడమ పక్కన కింది వరసలో ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. 1983 నాటి ఆపిల్ లీసా నుంచీ అన్‌డూ, కట్, కాపీ, పేస్ట్‌లకి అవే వాడుతున్నారు. మౌస్‌తో సెలెక్ట్ చేసి ఎడమచేత్తో కాపీ చేయడం చాలా పనుల్లో పూర్తి కీబోర్డ్ పద్ధతి కన్నా హాయిగా ఉంటుంది.

మౌస్ చేతులెత్తేసేది ఒకే చోట. ఒకే పని 300 సార్లు చేయాలంటే 300 సార్లూ చేయాల్సిందే.

## కీబోర్డ్ షార్ట్‌కట్‌లు

వీటిలో ఏవి నేర్చుకోవాలో నిర్ణయించుకోవడమే అసలు పని. నా సలహా: ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా పనిచేసేవి ముందు, ఒక్క సాఫ్ట్‌వేర్‌కే పరిమితమైనవి తర్వాత. ఒక వారంలో మూడు దాటొద్దు. ఆ మూడింటికీ మౌస్ వాడకూడదని మీకు మీరే నియమం పెట్టుకోండి, మిగతావన్నీ మామూలుగానే చేసుకోండి.

| పని | విండోస్ | మ్యాక్ |
|---|---|---|
| పొరపాటున మూసిన ట్యాబ్ తిరిగి తెరవడం | కంట్రోల్ + షిఫ్ట్ + టీ | కమాండ్ + షిఫ్ట్ + టీ |
| బ్రౌజర్ అడ్రస్ బార్‌లోకి వెళ్ళడం | కంట్రోల్ + ఎల్ | కమాండ్ + ఎల్ |
| ఒక మాట మొత్తం వెనక్కి చెరపడం | కంట్రోల్ + బ్యాక్‌స్పేస్ | ఆప్షన్ + డిలీట్ |
| స్క్రీన్‌లో కొంత భాగం ఫొటో తీయడం | విండోస్ + షిఫ్ట్ + ఎస్ | కమాండ్ + షిఫ్ట్ + 4 |
| ఫైల్ పేరు మార్చడం | ఎఫ్2 | రిటర్న్ |
| స్క్రీన్ లాక్ చేయడం | విండోస్ + ఎల్ | కంట్రోల్ + కమాండ్ + క్యూ |
| హ్యాంగ్ అయిన ప్రోగ్రామ్‌ని ఆపే విండో తెరవడం | కంట్రోల్ + షిఫ్ట్ + ఎస్కేప్ | కమాండ్ + ఆప్షన్ + ఎస్కేప్ |
| టైపింగ్ భాష మార్చడం | విండోస్ + స్పేస్ | కంట్రోల్ + స్పేస్ |

ఈ పట్టికలో ఒక్కటే నేర్చుకుంటానంటే మాట మొత్తం చెరిపేదే నేర్చుకోండి. రోజంతా టైప్ చేసేవాళ్ళు అక్షరం అక్షరం చెరుపుతూ పోగొట్టుకునే సమయం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. దీనికి తోడు కంట్రోల్ పట్టుకుని బాణం కీలు నొక్కితే కర్సర్ మాట మాటకీ దూకుతుంది, షిఫ్ట్ కూడా కలిపితే సెలెక్ట్ చేసుకుంటూ పోతుంది. మ్యాక్‌లో కంట్రోల్ బదులు ఆప్షన్.

విండోస్‌లో ఇంకొకటి ప్రత్యేకంగా చెప్పాలి. విండోస్ + వీ నొక్కితే ఇంతకుముందు కాపీ చేసినవన్నీ వరసగా కనిపిస్తాయి. 2018లో విండోస్ 10కి వచ్చింది, 25 దాకా గుర్తుపెట్టుకుంటుంది, మొదటిసారి నొక్కినప్పుడు ఆన్ చేయమని అడుగుతుంది. రెండు ఫైళ్ళ మధ్య ఐదు విషయాలు అటు నుంచి ఇటు తేవాల్సి వస్తే ఐదుసార్లు తిరగక్కర్లేదు, అన్నీ ఒకేసారి కాపీ చేసుకుని వచ్చి ఒక్కోటీ పేస్ట్ చేసుకోవచ్చు. అయితే మీరు కాపీ చేసిన పాస్‌వర్డ్ కూడా ఆ వరసలో కూర్చోవచ్చని మర్చిపోవద్దు.

ఎక్సెల్ వాడేవాళ్ళకి సగటు కన్నా ఎక్కువ లాభం. కంట్రోల్ + బాణంతో డేటా చివరికి ఒక్క దూకు, ఆల్ట్ + ఈక్వల్‌తో కూడిక, కంట్రోల్ + షిఫ్ట్ + ఎల్‌తో ఫిల్టర్. కంట్రోల్ + ఈ అయితే మీరు మొదటి వరసలో చేసి చూపించినదాన్ని గమనించి మిగతా వరసలు తానే నింపుతుంది, ఎక్సెల్ 2013 నుంచి ఉంది. ఇవేవీ గుర్తులేకపోయినా ఒక్కసారి ఆల్ట్ నొక్కి వదిలేస్తే పైనున్న బటన్ల మీద అక్షరాలు కనిపిస్తాయి, వాటిని చూసుకుంటూ నొక్కొచ్చు. చూసి నొక్కడానికీ చూడకుండా నొక్కడానికీ మధ్య ఇది మంచి మెట్టు.

షార్ట్‌కట్‌ల బలహీనత ఏంటంటే ఒక్కో చోట ఒక్కో అర్థం. కంట్రోల్ + షిఫ్ట్ + ఎన్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో కొత్త ఫోల్డర్, క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో విండో. టెర్మినల్‌లోకి వెళితే ఇది ఇంకా ముదురుతుంది.

## కమాండ్ లైన్

ముందు అసలు లాభం ఏంటో చూద్దాం. మీ దగ్గర 400 టెక్స్ట్ ఫైళ్ళున్నాయి, వాటిలో ఒక మాట ఎక్కడెక్కడ వచ్చిందో కావాలి. అందుకు కమాండ్‌లున్నాయి: లినక్స్, మ్యాక్‌లలో గ్రెప్, విండోస్‌లో ఫైండ్‌స్ట్రింగ్ అర్థంలో వచ్చే ఫైండ్‌ఎస్‌టీఆర్, పవర్‌షెల్‌లో సెలెక్ట్-స్ట్రింగ్. ఒక్క వరస రాస్తే ఏ ఫైల్లో ఏ లైన్లో ఉందో మొత్తం వచ్చేస్తుంది. ఆ ఫలితాన్ని ఇంకో కమాండ్‌కి అందించి లెక్కపెట్టమనొచ్చు, ఇంకో ఫైల్లో దాచమనొచ్చు. పైగా ఆ వరసని సేవ్ చేసుకుంటే వచ్చే నెల మళ్ళీ అదే పని ఒక్క ఎంటర్‌తో అయిపోతుంది, పక్కవాళ్ళకి పంపితే వాళ్ళకీ అయిపోతుంది. మౌస్‌తో చేసిన పనిని ఇలా ఇంకొకరికి పంపలేం, ఇక్కడ నొక్కు, అక్కడ నొక్కు అని స్క్రీన్‌షాట్‌లు తీసి వివరించాల్సిందే.

నష్టం ఏంటంటే, ఇది అడగదు. చెరిపే కమాండ్‌లైన ఆర్‌ఎమ్ అన్నా, డెల్ అన్నా, పవర్‌షెల్ రిమూవ్-ఐటమ్ అన్నా ఫైల్ రీసైకిల్ బిన్‌లోకి వెళ్ళదు, పోయిందంటే పోయినట్టే. స్టార్ గుర్తుకీ ఆ తర్వాతి చుక్కకీ మధ్య పొరపాటున ఒక్క స్పేస్ పడిందనుకోండి, ఆ ఒక్క రకం ఫైళ్ళు చెరపమన్న మాట కాస్తా ఈ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ చెరపమన్న మాట అయిపోతుంది. కాపీ, మూవ్ కమాండ్‌లు కూడా లినక్స్‌లో మామూలుగా, అప్పటికే ఉన్న ఫైల్ మీద అడక్కుండానే కొత్తది రాసేస్తాయి.

అందుకని నేను ఎవరికైనా మొదట నేర్పమనేది ఉత్తుత్తి పరుగు. విండోస్‌లో ఫైళ్ళు కాపీ చేసే రోబోకాపీకి స్లాష్ ఎల్ తగిలిస్తే ఏం కాపీ చేస్తుందో చెబుతుంది కానీ చేయదు. లినక్స్‌లో అలాంటి పనే చేసే ఆర్‌సింక్‌కి మైనస్ ఎన్, పవర్‌షెల్‌లో చాలా కమాండ్‌లకి మైనస్ వాట్‌ఇఫ్, ఇవీ అంతే. రోబోకాపీ స్లాష్ ఎమ్ఐఆర్ వాడేటప్పుడు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే మూలంలో లేని ఫైళ్ళని అది గమ్యంలో చెరిపేస్తుంది. రెండు ఫోల్డర్ల పేర్లు తారుమారైతే బ్యాకప్ తీయబోయి అసలువే పోతాయి. చెరిపే కమాండ్‌కి ఇలాంటి సదుపాయం లేకపోతే, అదే గుర్తులతో ముందు ఎల్‌ఎస్ కొట్టి జాబితా చూసి, అది సరిగ్గా ఉంటే పై బాణం నొక్కి ఎల్‌ఎస్‌ని ఆర్‌ఎమ్‌గా మార్చండి.

### ఏ షెల్?

షెల్ అంటే మీరు టైప్ చేసిన కమాండ్‌ని చదివి అమలు చేసే ప్రోగ్రామ్.

కమాండ్ ప్రాంప్ట్. విండోస్‌లో ఎప్పుడూ ఉంటుంది. నెట్‌వర్క్ వివరాల కోసం ఐపీకాన్‌ఫిగ్ చూడాలన్నా, కనెక్షన్ అందుతోందో లేదో పింగ్ కొట్టి చూడాలన్నా ఇది చాలు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో సీఎమ్‌డీ అని టైప్ చేసి ఎంటర్ కొడితే ఆ ఫోల్డర్‌లోనే తెరుచుకుంటుంది, ఈ చిట్కా చాలామందికి తెలియదు. కానీ విండో మూస్తే అందులో కొట్టిన కమాండ్‌ల చరిత్ర పోతుంది. ఈ రోజు కొత్తగా నేర్చుకునేవాళ్ళు దీని మీద ఎక్కువ సమయం పెట్టడం దండగ.

పవర్‌షెల్. 2006లో వచ్చింది, 2016లో ఓపెన్ సోర్స్ అయి లినక్స్, మ్యాక్‌ల మీదికి కూడా వెళ్ళింది. కమాండ్‌ల పేర్లు పొడుగ్గా ఉంటాయి, కానీ చదివితే అర్థమవుతాయి. ఒక కమాండ్ నుంచి ఇంకోదానికి వట్టి అక్షరాలు కాకుండా పేరు, సైజు, తేదీ విడివిడిగా ఉన్న వస్తువులు వెళతాయి కాబట్టి 100 ఎంబీ దాటిన ఫైళ్ళని తేదీ వరసలో పెట్టడం లాంటివి తేలిక. ఒక చిక్కు: విండోస్ పవర్‌షెల్‌లో ఎల్‌ఎస్ పనిచేస్తుంది, ఆహా లినక్స్ లాగే ఉందే అనుకుని దానికి లినక్స్ ఆప్షన్‌లు తగిలిస్తే ఎర్రర్ వస్తుంది. అది మారుపేరు మాత్రమే, లోపల కమాండ్ వేరు.

బ్యాష్, జెడ్‌షెల్. లినక్స్‌లో ఎక్కువగా బ్యాష్, మ్యాక్‌లో 2019 నాటి క్యాటలీనా నుంచి జెడ్‌షెల్ ముందే సెట్ అయి ఉంటుంది. మొదట్లో రెండింటికీ తేడా తెలియదు. విండోస్ వాళ్ళు డబ్ల్యూఎస్‌ఎల్ పెట్టుకుంటే అక్కడే అసలైన లినక్స్ వస్తుంది, కాకపోతే దాని రెండో వెర్షన్‌లో విండోస్ డ్రైవ్‌లో ఉన్న ఫైళ్ళని లినక్స్ వైపు నుంచి తెరిస్తే నెమ్మదిగా ఉంటుంది, ఫైళ్ళు లినక్స్ వైపే పెట్టుకోవాలి. సర్వర్లతో పని ఉన్నవాళ్ళు, ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్ళు ఇటే రండి.

విండోస్ పనులే చేసే ఆఫీసు మనిషికి పవర్‌షెల్, మిగతా అందరికీ బ్యాష్. ఇందులో నాకు పెద్దగా సందేహం లేదు.

### టెర్మినల్‌లో కీలు

కమాండ్ లైన్ అంటే అంతా టైప్ చేయాలేమో అని భయపడతారు. నిజంగా రోజూ వాడేవాళ్ళు చాలా తక్కువ టైప్ చేస్తారు. పేరులో మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే పూర్తి చేస్తుంది, స్పెల్లింగ్ తప్పు కూడా పోదు. కంట్రోల్ + ఆర్ నొక్కి ఎప్పుడో కొట్టిన కమాండ్‌లో గుర్తున్న ముక్క ఒకటి టైప్ చేస్తే అది వెతికి తెస్తుంది. బ్యాష్‌లోనూ, ఇప్పటి పవర్‌షెల్‌లోనూ పనిచేస్తుంది. నేను ఒక్క టెర్మినల్ కీ మాత్రమే చెప్పాల్సి వస్తే ఇదే చెబుతాను, ఎందుకంటే కష్టపడి రాసిన పొడుగాటి కమాండ్ గుర్తుపెట్టుకునే భారం దీంతో తీరిపోతుంది. చరిత్ర ఫైల్లో నిలిచిపోతుంది కాబట్టే ఇది సాధ్యం. అదే కారణంగా పాస్‌వర్డ్‌ని కమాండ్‌లో భాగంగా టైప్ చేయకూడదు.

బ్యాష్‌లో ఇంకొన్ని: కంట్రోల్ + ఏ వరస మొదటికి, కంట్రోల్ + ఈ చివరికి, కంట్రోల్ + యూ కర్సర్‌కి ముందున్నదంతా చెరపడానికి, ఫోల్డర్ మారడానికి వాడే సీడీ పక్కన ఒక డ్యాష్ పెడితే ఇంతకుముందున్న ఫోల్డర్‌కి. కమాండ్‌ని అడ్మిన్ హక్కులతో నడిపే సూడో మర్చిపోయి పర్మిషన్ లేదని తిట్టు తింటే సూడో రాసి రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టండి, వెనకటి కమాండ్ మొత్తం అక్కడికి వచ్చేస్తుంది. మ్యాక్‌లో అయితే కంట్రోల్ + ఏ, కంట్రోల్ + ఈ టెర్మినల్‌లోనే కాదు, దాదాపు టైప్ చేయగలిగిన ప్రతి చోటా పనిచేస్తాయి.

ఇక పాత అలవాట్లతో గొడవ ఎక్కడొస్తుందో ముందే తెలుసుకోవాలి. లినక్స్ టెర్మినల్‌లో కంట్రోల్ + సీ కాపీ చేయదు, నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఆపేస్తుంది. కాపీకి షిఫ్ట్ కూడా కలపాలి. కంట్రోల్ + జెడ్ అన్‌డూ కాదు, ప్రోగ్రామ్‌ని పక్కన నిద్రపుచ్చుతుంది, ఎఫ్‌జీ అని కొడితే తిరిగొస్తుంది. సేవ్ చేద్దామని కంట్రోల్ + ఎస్ నొక్కితే చాలా టెర్మినల్‌లలో స్క్రీన్ బిగుసుకుపోతుంది. కంప్యూటర్ హ్యాంగ్ అయిందని రీస్టార్ట్ చేయకండి, కంట్రోల్ + క్యూ నొక్కితే చాలు. కంట్రోల్ + డబ్ల్యూ ఇక్కడ ఒక మాట చెరుపుతుంది, బ్రౌజర్‌లో ట్యాబ్ మూసేస్తుంది. కాబట్టి బ్రౌజర్ లోపల తెరిచిన టెర్మినల్‌లో ఆ కీ జోలికి పోకపోవడం మంచిది. తెలుగు కీబోర్డ్ ఆన్ చేసి ఉంచి కమాండ్ కొట్టబోతే ఏమీ అర్థం కానట్టు ఎర్రర్ వస్తుంది, ముందు భాష మార్చుకోవాలి.

## మధ్యేమార్గాలు

ప్రతిదానికీ కమాండ్ లైన్ అక్కర్లేదు. విండోస్‌లో ఫైళ్ళన్నీ సెలెక్ట్ చేసి ఎఫ్2 నొక్కి ఒక పేరు ఇస్తే అన్నిటికీ ఆ పేరే పెట్టి పక్కన అంకెలు వేస్తుంది. మ్యాక్ ఫైండర్‌లో సెలెక్ట్ చేసి రైట్ క్లిక్‌లో రీనేమ్ అంటే మాట మార్పిడి కూడా చేస్తుంది. అంతకు మించి కావాలంటే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో పవర్‌రీనేమ్ ఉంది. మార్చబోయే పేర్లు ముందే చూపిస్తుంది, అందుకే పేర్లు మార్చే పనికి నేను టెర్మినల్ కన్నా దీన్నే ఇష్టపడతాను.

ఒకే జవాబు, ఒకే అడ్రస్ రోజుకి పదిసార్లు టైప్ చేసేవాళ్ళకి ఆటోహాట్‌కీ, ఎస్పాన్సో లాంటివి పనికొస్తాయి: రెండక్షరాలు కొడితే పేరా మొత్తం పడుతుంది. కానీ ఆఫీసు కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేయనివ్వకపోవచ్చు, పైగా దీనికి అలవాటు పడి వేరే కంప్యూటర్ ముందు కూర్చుంటే చేతులు కట్టేసినట్టుంటుంది.

## మీరు ఏ రకం?

రాతపని, మెయిళ్ళు ఎక్కువ. టెర్మినల్ వదిలేయండి. మాట మాటకీ దూకే కీలు, క్లిప్‌బోర్డ్ చరిత్ర (విండోస్ + వీ), టెక్స్ట్ విస్తరించే సాధనం ఒకటి. ఇవి చాలు.

అంకెలు, రిపోర్టులు. ఎక్సెల్ కీలు ముందు. ప్రతి నెలా 50 ఫైళ్ళు ఒక్కటిగా కలపాల్సి వస్తుంటే అప్పుడు పవర్‌షెల్ వైపు చూడండి, అంతకుముందు కాదు.

ప్రోగ్రామింగ్ విద్యార్థి. బ్యాష్ తప్పదు. ముందు ట్యాబ్, కంట్రోల్ + ఆర్, సీడీ, ఎల్‌ఎస్, గ్రెప్ వేళ్ళకి రానివ్వండి. థీమ్‌లు, రంగుల ప్రాంప్ట్‌లు, ప్లగిన్‌లు పెట్టుకోవడంలో వారాలు గడిపేయడం ఈ వర్గానికి ఉన్న జబ్బు.

సర్వర్లు చూసుకునేవాళ్ళు. కమాండ్‌లకి పెట్టుకునే సొంత మారుపేర్లు తగ్గించుకోండి. మీ ల్యాప్‌టాప్‌లో ఆర్‌ఎమ్‌ని అడిగి చెరిపేలా మార్చుకుని దానికి అలవాటు పడితే, ఆ మార్పు లేని సర్వర్‌లో అది అడగదు.

మణికట్టు నొప్పి ఉన్నవాళ్ళు. మౌస్ తగ్గించడం మేలు చేయొచ్చు కానీ, మూడు కీలు ఒకేసారి నొక్కడం కూడా వేళ్ళకి శ్రమే. విండోస్, మ్యాక్ రెండింట్లోనూ స్టికీ కీస్ అనే సదుపాయం ఉంది, ఆన్ చేస్తే కంట్రోల్, షిఫ్ట్, అక్షరం ఒకదాని తర్వాత ఒకటి నొక్కినా సరిపోతుంది. విండోస్‌లో షిఫ్ట్ ఐదుసార్లు నొక్కితే వచ్చి విసిగించే డబ్బా ఇదే.

ఆఫీసులో విండోస్, ఇంట్లో మ్యాక్. అందరికన్నా ఎక్కువ తికమక వీళ్ళకే. మ్యాక్ కీబోర్డ్ సెట్టింగ్‌లలో మాడిఫైయర్ కీస్ దగ్గర కంట్రోల్, కమాండ్ ఒకదాని స్థానంలో ఒకటి మార్చుకోవచ్చు, అప్పుడు కాపీ, పేస్ట్ రెండు చోట్లా వేళ్ళకి ఒకేలా ఉంటాయి. అయితే ఆ మార్పు టెర్మినల్‌కి కూడా వర్తిస్తుంది. మ్యాక్ టెర్మినల్‌లో కాపీ కీ, ప్రోగ్రామ్ ఆపే కీ వేరువేరుగా ఉండడం అనే పెద్ద సౌకర్యం అలాగే ఉంటుంది గానీ వాటి చోట్లు తారుమారవుతాయి. టెర్మినల్ రోజూ వాడేవాళ్ళైతే మార్చకుండా రెండు రకాలకీ అలవాటు పడడమే నయం, వాడనివాళ్ళు నిశ్చింతగా మార్చేసుకోవచ్చు.